పాత ఆజ్ఞలు – కొత్త నిబంధనలు
కంప్యూటరు 'షెల్లు' చరిత్ర చెప్పే పాఠం

కంప్యూటరు అనగానే ఈనాడు మన కళ్ళ ముందు మెదిలేది రంగుల తెర, దాని మీద చిన్న చిన్న బొమ్మలు. మనుమలూ మనుమరాళ్ళూ ఆ బొమ్మల మీద వేలు పెట్టి క్షణాల్లో పనులు చక్కబెట్టుకుంటున్నారు. అయితే ఆ తెరల వెనుక, బ్యాంకుల్లో, టెలిఫోను కంపెనీల్లో, పరిశోధనా సంస్థల్లో రాత్రింబవళ్ళు నడిచే పెద్ద యంత్రాల్లో, నేటికీ ఒక పాతకాలపు గుమాస్తా పనిచేస్తూనే ఉన్నాడు. అతనికి బొమ్మలతో పని లేదు. అక్షరాలలో టైపు చేసి ఇచ్చిన ఆజ్ఞను చదువుతాడు, యంత్రం చేత ఆ పని చేయిస్తాడు, ఫలితం తెచ్చి చెబుతాడు. ఈ మధ్యవర్తి పేరు 'షెల్లు'. గింజ మీది పెంకు అని ఆ మాటకు అర్థం. యంత్రపు లోపలి భాగానికీ మనిషికీ నడుమ పెంకులాగా ఉంటుంది కనుక ఆ పేరు పెట్టారు.

ఈ షెల్లు చరిత్రలో ఒక వివాదం యాభై ఏళ్ళుగా నడుస్తున్నది. ఒకే ఆజ్ఞకు వేర్వేరు యంత్రాలు వేర్వేరు అర్థాలు చెబుతుంటే, అందరికీ ఒకే ప్రమాణం విధించాలా? లేక పాత అర్థాన్ని నమ్మి ఇప్పటికే పని నడుపుకుంటున్న వారి జోలికి పోకుండా ఉండాలా? ఇది కేవలం ఇంజనీర్ల తగవు అనుకోనక్కర లేదు. ఆఫీసులో పాతికేళ్ళో ముప్ఫై ఏళ్ళో పనిచేసిన వారెవరికైనా ఇది పరిచయమైన తగవే.

ఒక్క ఉదాహరణ. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయాపైసల లెక్క వచ్చింది. పావలాకు సరిగ్గా 25 నయాపైసలు, చిక్కు లేదు. కాని అణాకు ఆరుంబావు నయాపైసలు! ఆ పావు ఎవరి జేబులోంచి పోవాలి, కొన్నవాడిదా, అమ్మినవాడిదా? కొత్త లెక్క మంచిదే, దేశమంతటికీ సుఖమే. కాని పాత లెక్కలో బేరం కుదుర్చుకున్నవాడి గతి ఏమిటన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. షెల్లు చరిత్ర నిండా ఇలాంటి 'పావు' గొడవలే.

షెల్లు పుట్టుక

అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1960 దశకం తొలి సంవత్సరాల్లో ఒకే కంప్యూటరును ఒకేసారి అనేకమంది వాడుకునే ఏర్పాటు జరిగింది. అక్కడ పనిచేస్తున్న ఫ్రెంచి ఇంజనీరు లూయీ పూజాఁ, రోజూ అవే ఆజ్ఞలను మళ్ళీ మళ్ళీ కొట్టే శ్రమ ఎందుకని, ఒక జాబితాగా రాసి పెడితే యంత్రమే వరుసగా అమలు చేసే సాధనం తయారుచేశారు. ఆజ్ఞలను చదివే ఈ భాగానికి 'షెల్లు' అన్న పేరు పెట్టినది కూడా ఆయనే. 1965 ప్రాంతంలో మల్టిక్స్ అనే పెద్ద వ్యవస్థకు మొదటి షెల్లును గ్లెండా ష్రోడర్ అనే మహిళ రాశారు.

బెల్ ల్యాబొరేటరీస్ 1969లో మల్టిక్స్ నుంచి తప్పుకున్నది. ఆ సంవత్సరమే అక్కడి కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు చిన్న యంత్రం మీద మొదలుపెట్టినది యూనిక్స్. థాంప్సన్ రాసిన షెల్లు 1971 నాటిది. 1972 జూన్ నాటి యూనిక్స్ కరదీపిక ప్రకారం అప్పటికి ఆ వ్యవస్థ ఉన్న చోట్లు మొత్తం 10. పది చోట్ల ఉన్నప్పుడు ఏదైనా మార్చాలంటే ఫోను చేసి చెబితే సరిపోతుంది. ఆ పది వందలై, వేలై, లక్షలైనప్పుడు వచ్చింది అసలు చిక్కు.

ఆజ్ఞల జాబితాకు స్క్రిప్టు అని పేరు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, సాయంత్రం సెక్షను మూసేముందు చేయవలసిన పనులను ఒక అనుభవజ్ఞుడు వరుసగా రాసి, గోడకు అంటించిన కాగితం వంటిది. మొదట లెడ్జర్లు సరిచూడు, తరువాత మొత్తాలు వేయి, ఆ తరువాత నకలు తీసి బీరువాలో పెట్టు. రాసిన మనిషి బదిలీ అవుతాడు, రిటైరవుతాడు. కాగితం మాత్రం గోడ మీదే ఉంటుంది, తరువాతి వారు దాని ప్రకారమే చేస్తుంటారు. మన దేశంలో బ్యాంకుల కంప్యూటరీకరణపై రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చిన తరువాత, పలు బ్యాంకు శాఖల్లోకి యూనిక్స్ యంత్రాలు వచ్చాయి. 'డే ఎండ్' అనే మాట ఎరిగిన సభ్యులకు ఈ జాబితాల సంగతి విడమరచి చెప్పనక్కర లేదు.

కొత్త ఇల్లు, పాత గుమ్మం

థాంప్సన్ షెల్లు స్థానంలో 1979లో, యూనిక్స్ ఏడవ కూర్పుతో, స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్లు వచ్చింది. పాత షెల్లులో జాబితా మధ్యలోంచి మరో చోటికి గెంతమని చెప్పే 'గోటూ' ఉండేది. బోర్న్ దాన్ని తీసివేశారు. పాత జాబితాలను తిరగరాసుకోవలసి వచ్చింది. అంటే ఇది తెలిసి చేసిన తెగతెంపు.

కాని ఆయన కూడా పాతదాన్ని పూర్తిగా కాదనలేకపోయారు. ఆల్గాల్ 68 అనే భాష మీద ఆయనకు మక్కువ. అందులో ఒక పదంతో మొదలైన భాగం ఆ పదాన్నే తిరగేసి రాస్తే ముగుస్తుంది. 'ఇఫ్'తో మొదలైతే 'ఫి'తో, 'కేస్'తో మొదలైతే 'ఎసాక్'తో ముగింపు. ఆ లెక్కన 'డూ'కు ముగింపు 'ఓడీ' కావాలి. అయితే 'ఓడీ' పేరుతో అప్పటికే యూనిక్స్‌లో వేరొక ఆజ్ఞ ఉంది, జనం వాడుతున్నారు. అందుచేత అక్కడ మాత్రం 'డన్' అని పెట్టారు. నేటికీ షెల్లు నేర్చుకునే పిల్లలు రెండు చోట్ల ఒక పద్ధతీ, మూడో చోట మరో పద్ధతీ ఎందుకని తికమక పడుతుంటారు. కారణం ఇదే. ఇంట్లో ముందే ఒకరున్నారు, ఆయన్ని లేపలేదు.

అలాగే ఒక ఆజ్ఞ ఫలితాన్ని మరో ఆజ్ఞకు అందించే గొట్టానికి థాంప్సన్ షెల్లులో రెండు గుర్తులుండేవి. ఒకటి నిలువు గీత, రెండవది పైకి చూసే బాణపు మొన. బోర్న్ షెల్లు రెండింటినీ ఉంచింది. బెల్ ల్యాబ్స్‌లోనే డేవిడ్ కోర్న్ రాసి 1983లో ప్రకటించిన కోర్న్ షెల్లు, బోర్న్ జాబితాలను చాలావరకు యథాతథంగా నడుపుతూనే, ఈ రెండో గుర్తును మాత్రం వదిలేసింది. ఆ గుర్తుకు ఒక షెల్లులో 'గొట్టం' అని అర్థం, మరో షెల్లులో ఏ అర్థమూ లేదు. ఇలాంటి తేడాలే పోగుపడుతూ వచ్చాయి.

ఒక మాటకు రెండు అర్థాలు

ఇంతలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూనిక్స్‌కు మరో శాఖ పెరిగింది. అక్కడ బిల్ జాయ్ 1970 దశకం చివర సి షెల్లు రాశారు. అటు ఏ.టి.అండ్.టి. సంస్థ తన యూనిక్స్‌ను వ్యాపార సరుకుగా మలచుకున్నది. అన్నదమ్ములు వేరుపడిన ఇంట్లో వంటకాల పేర్లు ఒకటే ఉండి రుచులు మారినట్లు, ఆజ్ఞల పేర్లు అవే ఉండి అర్థాలు మారాయి.

'ఎకో' అన్న ఆజ్ఞ చూడండి. ఇచ్చిన మాటను తిరిగి చెప్పడం, ఇంతే దాని పని. ఇంతకన్నా చిన్న ఆజ్ఞ ఉండదు. చెప్పిన తరువాత కొత్త పంక్తికి పోవద్దని చెప్పాలంటే ఒక ఇంట్లో ముందు 'మైనస్ ఎన్' పెట్టాలి. రెండో ఇంట్లో మాట చివర వెనుకకు వాలిన గీత గీసి 'సి' అక్షరం పెట్టాలి. మొదటి ఇంటి జాబితాను రెండో ఇంట్లో నడిపితే 'మైనస్ ఎన్' అన్నది కూడా అచ్చుపడుతుంది. రెండో ఇంటి జాబితాను మొదటి ఇంట్లో నడిపితే గీతా, 'సి'యూ అచ్చుపడతాయి. మనిషి చదివే కాగితమైతే నవ్వి ఊరుకుంటాం. ఆ ఫలితాన్ని మరో యంత్రం చదువుతున్నదంటే లెక్క తప్పుతుంది.

ప్రమాణం వచ్చింది

వేర్వేరు కంపెనీల యంత్రాలు కొన్న సంస్థలకు ఇది తలనొప్పి అయింది. ఒక కంపెనీ యంత్రానికి రాయించుకున్న పని మరో కంపెనీ యంత్రం మీద నడవకపోతే, కొన్నవాడు జీవితాంతం మొదటి కంపెనీకే కట్టుబడి ఉండాలి. అందుకని ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ 1988లో యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఒక ప్రమాణాన్ని ప్రకటించింది. దాని పేరు 'పాజిక్స్'. ఆ పేరు సూచించినవారు రిచర్డ్ స్టాల్‌మన్. అమెరికా ప్రభుత్వం తన కొనుగోళ్ళకు దాన్ని ప్రమాణంగా స్వీకరించడంతో కంపెనీలు చెవి ఒగ్గక తప్పలేదు. షెల్లుకూ, రోజువారీ ఆజ్ఞలకూ సంబంధించిన భాగం 1992లో వచ్చింది. బోర్న్ షెల్లు పునాదిగా, కోర్న్ షెల్లు నుంచి కొన్ని సుగుణాలు తీసుకుని దాన్ని కూర్చారు.

ప్రమాణం రాసినవారు మొండివారేమీ కారు. ఉన్న జాబితాలకు వీలైనంత తక్కువ నష్టం కలగాలన్నది వారు పెట్టుకున్న నియమాలలో ఒకటి. అయినా పాజిక్స్ వచ్చిననాడు ఏ మార్పూ చేసుకోనక్కరలేని యూనిక్స్ ఒక్కటీ లేదు. అంటే అందరూ తలా కొంచెం వదులుకోవలసి వచ్చింది.

'ఎకో' దగ్గర వారు చేసిన తీర్పు గమనించదగినది. రెండు ఇళ్ళలో ఏ ఇంటి అర్థాన్ని ఖాయం చేసినా రెండో ఇంటి జాబితాలు పాడవుతాయి. అందుచేత ఆ సందర్భంలో ఎవరి ఆచారం వారిదే అని వదిలేసి, ఎక్కడైనా ఒకే విధంగా నడవాలనుకునే కొత్త జాబితాలకు 'ప్రింట్‌ఎఫ్' అనే వేరే ఆజ్ఞను వాడమన్నారు. పాత దారిని తవ్విపోయకుండా పక్కన కొత్త దారి వేయడమన్నమాట.

సగమా, రెట్టింపా?

ఒక్కోసారి ప్రమాణమే పాతదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. డిస్కులో ఎంత చోటు పట్టిందో చెప్పే 'డీయూ', 'డీఎఫ్' అన్న ఆజ్ఞలున్నాయి. పూర్వం డిస్కు మీద 512 బైట్ల ముక్కలుండేవి కనుక ఆ లెక్కలోనే చెప్పాలని పాజిక్స్ నిర్ణయించింది. స్టాల్‌మన్ ఆధ్వర్యంలోని గ్నూ బృందం దీనికి ఒప్పుకోలేదు. మనుషులు కిలోబైట్లలో ఆలోచిస్తారు, కాబట్టి 1024 బైట్ల లెక్కలో చెప్పడమే సబబని వారి వాదన. ఫలితం, 100 కిలోబైట్ల సరుకును ఒక యంత్రం 100 అంటుంది, మరో యంత్రం 200 అంటుంది. రెండూ నిజమే, కొలపాత్ర వేరు.

ప్రమాణాలను సలహాలుగా తీసుకుంటామే గాని ఉత్తర్వులుగా కాదన్నది గ్నూ వారి వైఖరి. అయితే ప్రమాణాన్నే కోరేవారి కోసం వారొక మీట పెట్టారు. దాన్ని వేస్తే ఆజ్ఞలన్నీ పాజిక్స్ చెప్పినట్లే నడుస్తాయి. మొదట దానికి కాస్త మోటు హాస్యం ధ్వనించే పేరు పెట్టి, తరువాత 'పాజిక్స్‌లీ కరెక్ట్' అని మార్చారు. 1989లో బ్రయన్ ఫాక్స్ మొదలుపెట్టగా, చెట్ రేమీ దశాబ్దాలుగా పోషిస్తూ వచ్చిన 'బాష్' షెల్లులోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. మామూలుగా తన అలవాటు ప్రకారం నడుస్తుంది, కోరితే ప్రమాణం ప్రకారం నడుస్తుంది.

నోటీసు ఎవరు చదివారు?

ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద పాఠం 'సార్ట్' అనే ఆజ్ఞ దగ్గర ఉంది. జాబితాను వరుసలో పేర్చడం దాని పని. పంక్తిలోని రెండో గడిని బట్టి పేర్చమని చెప్పాలంటే పూర్వం 'సార్ట్ ప్లస్ 1' అని రాసేవారు. మొదటి గడిని వదిలేసి తరువాతి దాన్ని చూడమని భావం. రెండో గడికి 1 అని రాయడం కొత్తవారికి అయోమయం. అందుకని 'సార్ట్ మైనస్ కె 2' అనే తిన్నని పద్ధతి ప్రవేశపెట్టారు. 1992 ప్రమాణం పాత పద్ధతినీ నడవనిస్తూ, ఇది ముందుముందు పోతుందని హెచ్చరించింది. 2001 ప్రమాణంలో నిజంగానే తీసివేశారు. ఇక మీదట 'సార్ట్ ప్లస్ 1' అంటే 'ప్లస్ 1' అనే పేరుగల ఫైలును పేర్చమని అర్థం. అలాంటి పేరు ఎవరు పెడతారు? యంత్రం ఆ ఫైలు కోసం వెతికి, లేదని చెప్పి, పని ఆపేస్తుంది.

జాబితా పైభాగం చూపే 'హెడ్'కూ, చివరి భాగం చూపే 'టెయిల్'కూ ఇదే గతి పట్టింది. 'హెడ్ మైనస్ 1' అని వేళ్ళకు అలవాటైన పొట్టి రూపాలు ప్రమాణంలోంచి పోయాయి. గ్నూ వారి ఆజ్ఞల మూట 2000 దశకం తొలి సంవత్సరాల్లో ఈ కొత్త ప్రమాణాన్ని శిరసావహించింది. ఏళ్ళ తరబడి సాఫీగా నడిచిన జాబితాలు ఎన్నో ఒక్కసారి ఆగిపోయాయి. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేరును తెచ్చుకుని తమ యంత్రం మీద కూర్చుకునేవారికి, ఎక్కడో లోపల ఉన్న ఒక 'హెడ్ మైనస్ 1' అడ్డం పడింది.

నోటీసు ఇవ్వలేదా? ఇచ్చారు. 1992 నుంచి 2001 దాకా తొమ్మిదేళ్ళు. అయితే ఆ నోటీసు ఉన్నది ప్రమాణ గ్రంథంలో. జాబితా నోటీసు చదవదు. జాబితా రాసిన మనిషి అక్కడ లేడు. దాన్ని రోజూ నడిపే మనిషికి దాని లోపల ఏముందో తెలియదు. గెజిట్‌లో వేశాం కనుక అందరికీ తెలిసినట్లే అనుకోవడం చట్టానికి సరిపోవచ్చు గాని, పనికి సరిపోదు.

చివరకు ఏమైంది? గ్నూ వారు పొట్టి రూపాల్లో చాలావాటిని మళ్ళీ నడవనిచ్చారు. ఏ సంవత్సరపు ప్రమాణం ప్రకారం నడవాలో వాడుకరే చెప్పుకునే మీట కూడా పెట్టారు. 2008లో వచ్చిన ప్రమాణమైతే 'సార్ట్ ప్లస్ 1'కు పాత అర్థమైనా చెప్పవచ్చు, కొత్త అర్థమైనా చెప్పవచ్చు అని సడలించింది. 1992లో ఒక మాట, 2001లో దానికి విరుద్ధమైన మాట, 2008లో రెండూ సరే! ప్రమాణమంటే రాతి మీద చెక్కిన శాసనం అనుకునేవారికి ఇది ఆశ్చర్యం కలిగించవచ్చు. వాడుక బలం ముందు రాత బలం తగ్గిన సందర్భమిది.

ఒకే ఇంట్లో రెండు గదులు

సన్ మైక్రోసిస్టమ్స్ వారి సొలారిస్ వేరే దారి తొక్కింది. వారి ఖాతాదారులు పెద్ద సంస్థలు, ఏళ్ళనాటి జాబితాల మీద ఆధారపడినవారు. అందుచేత పాత బోర్న్ షెల్లును దాని పాత చోటులోనే, పాత పేరుతోనే, ఆ బాణపు మొన గుర్తుతో సహా ఉంచేశారు. పాజిక్స్ ప్రకారం నడిచే షెల్లును, ఆజ్ఞలను వేరే గదిలో పెట్టి, కావలసినవారు అటు పోవచ్చన్నారు. 2005లో వచ్చిన సొలారిస్ 10 దాకా ఇదే ఏర్పాటు. పాత చోటులోకి కోర్న్ షెల్లును తెచ్చి కూర్చోబెట్టినది 2011లో, సొలారిస్ 11తో. అప్పటికి సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్ళిపోయింది.

ఈ పద్ధతిలో ఎవరి పనీ ఆగలేదు. కాని ఖర్చు లేకపోలేదు. రెండు గదులను శుభ్రంగా ఉంచుకోవాలి, రెండింటి తప్పులూ దిద్దుకోవాలి. కొత్తగా చేరిన కుర్రవాడు తెలియక పాత గదిలోకే వెళ్ళి, పుస్తకంలో చదివినది ఇక్కడ నడవదేమని బుర్ర గోక్కునేవాడు.

ఉబుంటు తొందర, డెబియన్ ఓర్పు

లినక్స్ లోకంలో మరో ముచ్చట. అక్కడ చాలాచోట్ల మామూలు షెల్లు స్థానంలో బాష్ ఉండేది. జాబితా నెత్తిన 'ప్రామాణిక షెల్లుతో నడుపు' అని రాసి, లోపల మాత్రం బాష్‌కే ప్రత్యేకమైన సదుపాయాలు వాడుకోవడం అందరికీ అలవాటైంది. పైన రాసినది ఒకటి, లోపల ఆశించేది ఒకటి. యంత్రం లేచేటప్పుడు ఇలాంటి జాబితాలు ఎన్నో నడవాలి, బాష్ కొంచెం బరువైనది. 2006 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 6.10లో బాష్‌ను ఆ స్థానం నుంచి తప్పించి, 'డ్యాష్' అనే తేలికైన, ప్రమాణానికి దగ్గరగా నడిచే షెల్లును కూర్చోబెట్టారు. వేగం పెరిగింది. కాని బాష్ అలవాట్లను నమ్ముకున్న జాబితాలు తడబడ్డాయి. 'ఎకో మైనస్ ఇ' అని రాసిన చోట, డ్యాష్ ఆ 'మైనస్ ఇ'ని కూడా మాటలో భాగమనుకుని తెర మీద అచ్చువేసింది.

ప్రమాణం ప్రకారం డ్యాష్ తప్పేమీ లేదు. తప్పు జాబితాలదే. కాని నిన్నటిదాకా నడిచిన పని ఈనాడు ఆగిపోయిన వాడికి ఆ తీర్పు వల్ల ఒరిగేదేముంది?

ఉబుంటుకు మాతృసంస్థ వంటి డెబియన్ బృందమూ ఇదే మార్పు చేసింది, కాని నిదానంగా. ప్రామాణికం కాని వాడుకలను పట్టి చూపే పరీక్షా సాధనం ఒకటి ఉంది. దానితో తమ దగ్గరున్న జాబితాలను గాలించి, తప్పు దొరికిన ప్రతిచోటా దాన్ని చూసుకునేవారికి కబురు పెట్టి, దిద్దించి, ఆ తరువాతనే 2011 ఫిబ్రవరిలో వచ్చిన డెబియన్ 6లో డ్యాష్‌ను ఆ స్థానంలో పెట్టారు. రెండు సంస్థలూ చేరిన గమ్యం ఒకటే. ఒకరు గోడ పడగొట్టి లోపలున్నవారిని బయటికి రమ్మన్నారు, రెండోవారు తలుపు తట్టి, అందరూ బయటికి వచ్చాక గోడ పడగొట్టారు.

అయితే పాతదంతా మంచిదేనా?

ఇంతవరకు చదివినవారికి, పాతదాన్ని ముట్టుకోకపోవడమే ఉత్తమమని తోచవచ్చు. అది సరికాదు. 2014 సెప్టెంబరులో స్టెఫాన్ షాజ్‌లాస్ అనే నిపుణుడు బాష్‌లో ఘోరమైన లోపం ఒకటి కనిపెట్టారు. 'షెల్‌షాక్' అని దానికి పేరు వచ్చింది. ఒక షెల్లు మరో షెల్లుకు చిన్న చిన్న పనుల వివరం అందించే సదుపాయం ఒకటి 1989 నుంచీ బాష్‌లో ఉంది. ఇది ప్రమాణంలో లేనిది. దాని సందులోంచి దూరి బయటివారు తమ ఆజ్ఞలను నడిపించుకోవచ్చని తేలింది. పాతికేళ్ళు ఎవరి కంటా పడలేదు. సరిదిద్దినప్పుడు ఆ వివరాలు అందించే పద్ధతినే మార్చవలసి వచ్చింది. ఆ సందర్భంలో, సన్నని ప్రామాణిక షెల్లును ముందు కూర్చోబెట్టుకున్న యంత్రాలకు ముప్పు కొంత తక్కువగా ఉంది. ఆనాడు విసుక్కున్న మార్పే ఈనాడు కొంత కాపు కాసింది.

పాతదాన్ని మోయడంలోని బరువు మన ఇళ్ళలోని కంప్యూటర్లలోనూ చూడవచ్చు. 1981 నాటి మైక్రోసాఫ్ట్ డాస్‌లో ముందుకు వాలిన గీతను ఆజ్ఞల షరతులకు వాడారు. 1983లో వచ్చిన రెండో కూర్పులో ఫైళ్ళకు అరలు ఏర్పరచినప్పుడు, యూనిక్స్ లాగా అదే గీత వాడుదామంటే అది ముందే ఖర్చయిపోయింది. అందుకని వెనుకకు వాలిన గీతను ఎంచుకున్నారు. అలాగే 'కాన్' అనే మాట కీబోర్డుకూ తెరకూ కలిపి పెట్టిన పాత పేరు. కనుక 2015 నాటి విండోస్ 10లో కూడా ఆ పేరుతో ఫోల్డరు చేయనివ్వరు. ఇదేదో అంతుచిక్కని రహస్యమన్నట్లు మన దేశంలో ఈ-మెయిళ్ళు తెగ తిరిగాయి. రహస్యమేమీ లేదు, పాతవారికి ఇచ్చిన మాట, అంతే.

చరిత్ర చెప్పేది

1998లో ఐ.ఇ.ఇ.ఇ., ఓపెన్ గ్రూప్, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కలిసి, టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరం పేరుతో ఉమ్మడి బృందంగా ఏర్పడ్డాయి. పాజిక్స్‌ను అప్పటినుంచీ ఆ బృందమే చూసుకుంటున్నది. 2024లో వెలువరించిన కూర్పులో వారు చేసిన ఒక పని చూస్తే, అనుభవం ఎంత నేర్పిందో తెలుస్తుంది. గొట్టాలతో కలిపిన ఆజ్ఞల వరుసలో మధ్యదేదైనా విఫలమైనా, చివరిది సఫలమైతే మొత్తం సఫలమైనట్లే లెక్కించడం మొదటినుంచీ ఆచారం. ఇది ప్రమాదకరం. అన్నం మాడినా వడ్డన బాగుందని రిపోర్టు రాయడం వంటిది. వరుసలో ఏది తప్పినా తప్పినట్లే చెప్పే సదుపాయం కోర్న్ షెల్లులో, బాష్‌లో ముందే ఉంది. 2024 ప్రమాణం దాన్ని స్వీకరించింది. కాని దానంతట అది అమలు కాదు, కోరినవారికే అమలవుతుంది. కోరని పాత జాబితాలు పాత పద్ధతిలోనే నడుస్తాయి. కొత్తది మేలైనదని తెలిసినా, అడగనివాడి మీద రుద్దలేదు.

ఈ యాభై ఏళ్ళ కథలో రెండు పక్షాల దగ్గరా న్యాయం ఉంది. ప్రమాణం అనేది ఇంకా రానివారికి ఇచ్చే మాట. రేపు చేరే కుర్రవాడు, వేరే కంపెనీ యంత్రం కొనే సంస్థ, ఒక చోట నేర్చుకున్నది మరో చోట చెల్లాలనుకునే ఉద్యోగి, వీరందరి తరఫున ప్రమాణం మాట్లాడుతుంది. పాతదానితో పొందిక అనేది వచ్చి వెళ్ళిపోయినవారికి ఇచ్చిన మాట. వారు ఆనాటి నియమాన్ని నమ్మి, శ్రద్ధగా పనిచేసి, ఆ పనిని మనకు అప్పగించి వెళ్ళారు. మార్పు చర్చించే సమావేశంలో ఈ రెండు వర్గాలవారూ ఉండరు. ఒకరు ఇంకా రాలేదు, ఒకరు వెళ్ళిపోయారు. మధ్యలో కూర్చున్నవారే ఇద్దరి తరఫునా ఆలోచించాలి.

అలా ఆలోచించినవారి పద్ధతులు పైన చూశాం. రెండు ఆచారాలు పొసగనప్పుడు మూడో పేరుతో కొత్త ఆజ్ఞ పెట్టారు. కోరినవారికి ప్రమాణం, కోరనివారికి పాత అలవాటు దక్కేలా మీటలు పెట్టారు. మార్చక తప్పనప్పుడు గ్రంథంలో నోటీసు వేసి ఊరుకోకుండా, జాబితాలను వెతికి, దిద్దించి, ఆ తరువాత మార్చారు. ఈ ఓపిక లేని చోట కొత్త నిబంధన ఎంత మంచిదైనా, ఏడేళ్ళకు వెనక్కి తగ్గవలసి వచ్చింది.

మన సభ్యుల ఇళ్ళలో కంప్యూటరు రంగంలో పనిచేస్తున్న కొడుకులూ, కూతుళ్ళూ, అల్లుళ్ళూ, కోడళ్ళూ దేశంలోనూ విదేశాల్లోనూ ఎందరో ఉన్నారు. ఈసారి ఫోనులో మాట్లాడినప్పుడు, మీ ఆఫీసులో నడుస్తున్న స్క్రిప్టుల్లో అన్నిటికన్నా పాతది ఏ సంవత్సరానిది, దాన్ని రాసినవారు ఇప్పుడు ఎక్కడున్నారు అని అడిగి చూడండి. రాసినవారి పేరు తెలియదుగాని అది మాత్రం రోజూ రాత్రి నడుస్తూనే ఉంటుందని చాలామంది చెబుతారు. దాన్ని మార్చేముందు ఒకసారి నిదానంగా చదివి చూడమని వారికి చెప్పండి. ఆ మాట చెప్పే అర్హత మనకుంది.